పెడల్‌లో ఇద్దరు సాక్షులు

"నిజానికీ నాకూ మధ్య గోడ కట్టగల మేస్త్రీ ఇంకా పుట్టలేదు లింగం," అని సత్తిబాబు మెట్ల మీద నిలబడి ప్రకటించాడు. "ఒకవేళ పుట్టి కట్టినా, ఆ గోడకి ప్లాస్టరింగ్ అయ్యేలోపు నేను అవతల ఉంటాను."

ఈ ప్రకటన చేసే సమయానికి ఆయన కాళ్లకున్న చెప్పులు లింగానివి. లింగం చూశాడు, ఊరుకున్నాడు. లింగం ఇంటి పై వాటాలో కిరాయికి దిగిననాటి నుంచీ సత్తిబాబు గుమ్మం దగ్గర ఏ జత కనిపిస్తే ఆ జత వేసుకుపోతాడు. అడిగితే, పరిశోధకుడి కళ్లు ఎప్పుడూ దూరాన ఉండాలి, కాళ్ల దగ్గర కాదు అంటాడు. అందుకే లింగం ఇప్పుడు చెప్పులు రెండు జతలు కొంటున్నాడు.

సత్తిబాబు గోదావరి వైపు మనిషి. వయసులో ఉండగా పటాన్‌చెరు వచ్చి, ఇక్కడి పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో స్టోర్సులో చేరి, అక్కడే రిటైరయ్యాడు. సర్వీసులో ఉండగా ఒక డ్రిల్లింగ్ మిషన్ మాయమైతే, డిపార్ట్‌మెంటు మొత్తాన్నీ వరసగా నిలబెట్టి విచారించి, చివరికి దాన్ని పట్టుకున్నది ఆయనే. అది ఆయన బల్ల కిందే దొరికిందన్న సంగతి ఆయన చెప్పడు. ఆయన భార్య నాగరత్నం చెబుతుంది, అదీ అడగకుండానే. రిటైరైన మర్నాడే తలుపు పక్కన బోర్డు వెలిసింది: 'సత్తిబాబు, అపరాధ పరిశోధకుడు. ఎంతటి రహస్యమైనను ఛేదించబడును.' దాని కింద చిన్న అక్షరాలతో, భోజనానంతరం విశ్రాంతి వేళలు ఉన్నాయి.

ఇలాంటి మనిషికి తన కష్టం చెప్పుకోవాలని లింగం ఏనాడూ అనుకోలేదు. కానీ కష్టం ముదిరితే మనిషి ఎవరికైనా చెప్పుకుంటాడు.

లింగం వాళ్లది జిన్నారం పక్క ఊరు. పొలాలు పోయి ఫ్యాక్టరీలొచ్చాక, వచ్చిన దాంతో పటాన్‌చెరులో ఇల్లు కట్టుకుని, మిగిలినదానితో ఒక డీజిల్ వ్యాన్ కొన్నాడు. పొద్దున్నే పటాన్‌చెరులో వర్కర్లను ఎక్కించుకుని, సుల్తాన్‌పూర్ మీదుగా జిన్నారం దగ్గర ఒక మందుల కంపెనీకి చేర్చడం, సాయంత్రం మళ్లీ దించడం. "ఇగ నాకు గీ బండే పొలం," అంటాడు. ఆ పొలం ఈ మధ్య పండడం లేదు.

జబ్బు వింతది. బండి బాగానే బయలుదేరుతుంది. నడుస్తూ నడుస్తూ ఉండగా ఎదురుగా డాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతుంది. అంతే. పెడల్ ఎంత తొక్కినా ఇంజన్ ఊపందుకోదు, పెళ్లిలో అలిగిన మేనమామలా ఒక్కో అడుగూ వేస్తూ నడుస్తుంది. కంపెనీ గేటు దగ్గరికి చేరేసరికి సైరన్ అయిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లందరికీ హాఫ్ డే పడుతుంది. వ్యాన్‌లో ఎక్కే చంద్రిక ఒకసారి దిగుతూ, "లింగమన్నా, మొన్నటి హాఫ్ డే కూడ నీదే," అని మెల్లగా అనేసి పోయింది. తిట్టినా బాగుండేది. ఆ రోజు లింగానికి అన్నం సయించలేదు.

కంపెనీలో బండ్ల వ్యవహారం చూసే ఆఫీసరు ప్రవీణ్‌కుమార్. మంచివాడే, కానీ మంచితనానికీ ఒక హద్దు ఉంటుంది కదా. సోమవారం కూడా ఆలస్యమైతే ఈ రూటు మొగులయ్యకు ఇచ్చేస్తానని చెప్పేశాడు. మొగులయ్యకు కూడా వ్యాన్ ఉంది. లింగానికి వరసకు బావ అవుతాడు.

"ఆగు," అన్నాడు సత్తిబాబు ఇక్కడిదాకా విని. "మొగులయ్య. ఆ పేరు మళ్లీ చెప్పు."

"మొగులయ్య."

"నా రక్తం గడ్డకట్టింది," అన్నాడు సత్తిబాబు, అని అక్కడే మెట్టు మీద కూర్చుని కాఫీ అడిగాడు.

మర్నాడు లింగం బండిని రామచంద్రాపురం రోడ్డులోని వర్క్‌షాపుకు తీసుకెళ్లాడు. సత్తిబాబు కూడా ఎక్కాడు. బయలుదేరే ముందు అరుణమ్మ, అంటే లింగం భార్య, ఎప్పటిలాగే బండి లోపలంతా తడిగుడ్డతో తుడిచింది. సీట్లు, అద్దాలు, కాళ్ల కిందా, పెడల్స్ పైనా, ఆ పక్క వైర్లూ. పిల్లవాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయే ముందు స్నానం చేయించరా, అదీ అలాగే. పైగా వర్క్‌షాపులో బండి చూసేది ఒక ఆడపిల్ల. మురికి బండిని ఆమె ముందు పెడితే ఇంటి ఆడదాన్నే కదా తప్పుపడతారు.

తుడవడంతోపాటు ఇంకో పని కూడా చేసింది. డాష్‌బోర్డు కింద, పెడల్ పైన, వైర్లకు కట్టి ఉన్న దిష్టి నిమ్మకాయల గుత్తిని విప్పి, తీసుకెళ్లి మూడుదార్ల దగ్గర పడేసి వచ్చింది. పరాయి చెయ్యి తగిలితే దాని బలం పోతుంది. బండి తిరిగొచ్చాక కొత్తది కడుతుంది. పూర్వం అది అందరి బండ్లకూ ఉన్నట్టే ముందు బంపర్‌కు వేలాడేది. కంపెనీ గేటు దగ్గర సేఫ్టీవాళ్లు, బండికి బయట ఏదీ వేలాడకూడదని తెంపేశారు. బయట వద్దంటే లోపల కట్టింది, అందులో వింతేముంది? లింగం కూడా ఇందులో వింత ఏమీ చూడలేదు. ఇంట్లో గడపకు పసుపుంటుంది, బండికి నిమ్మకాయ ఉంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

వర్క్‌షాపులో శ్రావ్య, డిప్లొమా చదివిన పిల్ల, చేతిలో ఉన్న స్కానర్‌ను బండికి తగిలించి చాలాసేపు చూసింది. బండి బుద్ధిమంతుడిలా నడుస్తోంది. పెడల్ తొక్కితే గర్రుమంటోంది. వర్క్‌షాపుకొస్తే దీనికి ఏ జబ్బూ ఉండదు. పోయినసారి పెడల్‌నే కొత్తది మార్చినా, ఇంటికి పోయిన రెండో రోజుకే మళ్లీ పాత పాటే.

"సారు, పాత బండ్లల్ల పెడల్ నుంచి ఇంజన్‌కు తీగె ఉంటుండె," అని శ్రావ్య సత్తిబాబుకు ఓపిగ్గా చెప్పింది, ఎందుకంటే ఆయన అడ్డంగా నిలబడ్డాడు. "తొక్కితే గుంజుకుంటుండె. గిప్పుడు తీగె లేదు. మీరు తొక్కింది పెడల్‌ల ఉన్న సెన్సార్ చూసి కంప్యూటర్‌కు చెప్తది. కంప్యూటర్ ఇంజన్‌కు చెప్తది."

సత్తిబాబు కళ్లు చికిలించాడు. "అంటే కాలికీ ఇంజనుకీ మధ్య ఏమీ లేదు."

"ఏం లేదు. కబురే."

"మధ్యలో ఏమీ లేని చోట," అన్నాడు సత్తిబాబు లింగం వైపు తిరిగి, "ఎవరో ఉన్నారు."

శ్రావ్య ఈ మాట వినిపించుకోలేదు. స్కానర్‌లో మిగిలిన పాత లోపం గుర్తు చూపించింది. పెడల్‌లో ఒకటి కాదు, రెండు సెన్సార్లు ఉంటాయట. ఒక్కదాన్నే నమ్మితే ప్రమాదం కాబట్టి, ఇద్దరు సాక్షులను పెట్టినట్టు. ఇద్దరూ ఒకే మాట చెప్పాలి. చెప్పకపోతే కంప్యూటర్ ఎవర్నీ నమ్మదు.

"నమ్మకుంటే బండిని ఆపుతదా బిడ్డా?" అని లింగం అడిగాడు.

"ఆపదన్నా. రెండు సాక్ష్యాలు కలవకుంటే మెల్లగ పోనిస్తది. పానం కాపాడుకుంట ఇంటికి చేరుస్తది. నీ బండి చేసేది గదే." తర్వాత వైర్ల ప్లగ్గు ఊడదీసి చూసి, మళ్లీ పెట్టింది. దాని లాకు ఎవరో పాత మెకానిక్ విరగ్గొట్టాడని, వదులుగా ఉందని, కొత్త లాకు తెప్పిస్తానని అంది. "దీన్ల ఎన్నడన్న నీళ్లు వడ్డయా?"

"చుక్క నీళ్లు వడలె," అన్నాడు లింగం. అబద్ధమాడే మనిషి కాదు.

ఇద్దరు సాక్షులు అన్న మాట విన్నప్పటి నుంచి సత్తిబాబు నిలవలేకపోయాడు. తిరుగుదారిలో పెడల్ వైపు వంగి చూస్తూ, "మీలో ఒకడు అబద్ధం చెబుతున్నాడు," అని రెండుసార్లు అన్నాడు. రెండోసారి ఆయన తల స్టీరింగ్‌కు తగిలి హారన్ మోగింది, ముందు పోతున్న ట్రాఫిక్ కానిస్టేబుల్ వెనక్కి తిరిగి చూశాడు. సాక్షిని కొన్నదెవరు? లాభం ఎవరికి? మొగులయ్యకు. అపరాధ శాస్త్రంలో ఇది ఒకటో ఎక్కం అన్నాడు సత్తిబాబు.

ఆ సాయంత్రమే మొగులయ్యను నీడలా వెంటాడాడు. మొగులయ్య టీకొట్టు దగ్గర ఆగితే ఆయనా ఆగాడు, పేపర్ అడ్డం పెట్టుకుని. మొగులయ్య పేపరు పైనుంచి చూసి, "సత్తిబాబు సారు, చాయ్ తాగుండ్రి," అన్నాడు. తాగాడు. బిస్కెట్లు కూడా తిన్నాడు. మొగులయ్యే, లింగానికి బండి సతాయిస్తున్నదట కదా, తన బండి కావాలంటే ఒక రోజు తీసుకుపొమ్మని చెప్పండి అన్నాడు. ఇంత పచ్చిగా సాయం చేస్తానన్న మనిషిని సత్తిబాబు తన సర్వీసులో చూడలేదు. నేరం ఆ దెబ్బతో రుజువైపోయినట్టే.

ఇంటికొచ్చి, అరుణమ్మ వింటుండగా, మీ బండి మీద ఏడ్చే శత్రువు ఒకడున్నాడని, వాడు మామూలువాడు కాదని లింగానికి రిపోర్టు ఇచ్చాడు. లింగం నమ్మలేదు. కానీ ఆ రాత్రి పక్క మీద దొర్లుతుంటే, బావ తన బండి ఎందుకు ఇస్తానన్నాడో అన్న ఆలోచన ఒకసారి వచ్చిపోయింది. వచ్చినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

అరుణమ్మ మాత్రం నమ్మింది. ఆమెకు ఈ సంగతి ముందే తెలుసు. బండి మొదటిసారి ఆగినప్పుడు లోపల ఒక్క నిమ్మకాయే ఉంది, దానికి ఎండుమిరపకాయలు గుచ్చి కట్టింది. రెండోసారి ఆగినప్పుడు రెండు నిమ్మకాయలు కట్టింది. అయినా ఆగుతోందంటే చూపు ఎంత బలమైనదో ఆలోచించండి. ఆదివారం సంతకెళ్లి, ఏరి ఏరి, చేతికి నిండుగా ఉండే రసపు కాయలు తెచ్చింది. సోమవారం తెల్లారకముందే లేచి, స్నానం చేసి, కాయలను నిలువునా సగందాకా కోసి, కోసిన చోట కుంకుమ నింపి, మూడింటినీ ఎర్రదారంతో డాష్‌బోర్డు కింద వైర్లకు గట్టిగా బిగించింది. కుంకుమ రసం ఆమె వేళ్ల మీదినుంచి కారింది, వైర్ల మీదినుంచి కూడా. లింగం టార్చి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఇంత శ్రద్ధగా తన కోసం చేస్తుంటే ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇగ ఏం గాదు," అంది అరుణమ్మ. "పో."

సత్తిబాబు మారువేషంలో దిగాడు. కంపెనీ వర్కర్ల వేషం అన్నమాట: నీలం టోపీ, మూతికి మాస్కు, మోకాళ్లదాకా తెల్లకోటు. ఆ కోటు ఏ ల్యాబుదీ కాదు, అల్లుడి రెయిన్‌కోటు. తనను ఎవరూ గుర్తుపట్టలేరని, శత్రువు తన కళ్ల ముందే చెయ్యి చాపుతాడని, చాపిన చెయ్యిని తాను పట్టుకుంటానని చెప్పాడు. వ్యాన్ ఎక్కిన ప్రతి ఒక్కరూ "నమస్తే సత్తిబాబు సారు" అన్నారు. ఆయన ఒక్కొక్కరికీ తల ఊపాడు, ఎవరో ఇంకొకరిని పలకరిస్తున్నారనుకున్నవాడిలా.

పటాన్‌చెరు దాటింది. బండి గుర్రంలా ఉంది. సుల్తాన్‌పూర్ కూడా దాటింది. లింగం మనసులో మొక్కుకుంటున్నాడు, సత్తిబాబు ఒక్కో వర్కరు ముఖాన్నీ అద్దంలో అనుమానిస్తున్నాడు. ఇక జిన్నారం ఎంతో దూరం లేదనగా పసుపు లైటు వెలిగింది.

లింగం పెడల్ తొక్కాడు. మళ్లీ తొక్కాడు. బండి తన దారిన తాను మెల్లగా పోతోంది. పక్కనుంచి ఒక ట్రాక్టర్ దాటింది. తర్వాత ఉల్లిగడ్డల ఆటో దాటింది. ఆటోవాడు దాటుతూ జాలిగా చూశాడు, ఆ జాలి లింగానికి గుండెల్లో గుచ్చుకుంది. బండిలో అందరూ గడియారాలు చూసుకుంటున్నారు. అదే భరించలేని సంగతి. ఈ రోజు రూటు పోతుంది, వీళ్లందరి హాఫ్ డే పోతుంది, మళ్లీ ఇంటికెళ్లి అరుణమ్మ ముఖం చూడాలి. బండి పక్కకు తీసి ఆపాడు.

"ఎవరూ కదలొద్దు," అన్నాడు సత్తిబాబు. "నేరం ఇప్పుడే, ఇక్కడే జరిగింది."

ముందు సీటులోంచి దిగి, అటు తిరిగి డ్రైవరు తలుపు తీసి, లింగాన్ని పక్కకు జరిపి, సాక్షులిద్దరినీ ముఖాముఖి ప్రశ్నించడానికి పెడల్స్ కింద తల దూర్చాడు. మనిషి తలకిందులుగా, రెయిన్‌కోటులో, మాస్కు పెట్టుకుని, పొద్దున్నే రెండు పెసరట్లూ ఉప్మా తిని ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కాసేపటికి లోపలినుంచి మూలుగు వినిపించింది. కళ్లు తిరుగుతున్నాయని, కడుపులో తిప్పుతోందని ఆయన ఒప్పుకున్నాడు, కానీ బయటికి రావడం తన వల్ల కాలేదు, టోపీ ఎక్కడో చిక్కుకుంది.

వెనక సీట్లోంచి చంద్రిక లేచొచ్చింది. "జెర నిమ్మకాయ వాసన చూపిస్తే కడుపుల తిప్పుడు తగ్గుతది," అంది. "ఎవ్వరి తాన్నన్న ఉన్నదా?"

ఎవరి దగ్గరా లేదు. చీకట్లో చేత్తో తడుముకుంటున్న సత్తిబాబుకు మాత్రం చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది.

"ఉంది," అన్నాడు లోపలినుంచి.

"అది ముట్టద్దు సారూ," అన్నాడు లింగం.

ముట్టుకున్నాడు. పట్టుకున్నాడు. లాగాడు. అరుణమ్మ కట్టిన ముడి మామూలుగా ఊడేది కాదు కాబట్టి ఆయన కాలు బండికి తన్ని మరీ లాగాడు. నిమ్మకాయలతోపాటు ఎర్రదారం వచ్చింది, దారంతోపాటు వైర్లు ముందుకొచ్చాయి, లాకు లేని ఆ ప్లగ్గు టక్కున ఊడి చేతికొచ్చింది. ఆ ఊపుకు టోపీ చిక్కు వీడి, సత్తిబాబు రోడ్డు మీద వెల్లకిలా పడ్డాడు. ఒక చేతిలో మూడు నిమ్మకాయలు, ఇంకో చేతిలో వైర్లు లాగినంతమేరా వచ్చిన ప్లగ్గు, మోచేతులదాకా ఎర్రటి రసం. పడ్డవాడు పడ్డట్టే ఒక నిమ్మచెక్క నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టాడు.

చంద్రిక పని మందులు నింపే గదిలో. అక్కడ ఏది ముట్టుకున్నా చేతులకు స్పిరిట్ కొట్టుకోవాలి, గ్లౌజులు మార్చినా కొట్టుకోవాలి, తుమ్మినా కొట్టుకోవాలి. బయటికొచ్చినా ఆ అలవాటు పోదు, బ్యాగులో చిన్న స్ప్రే సీసా ఎప్పుడూ ఉంటుంది. దిష్టి తీసిన నిమ్మకాయను ముట్టుకున్న చేతులు కళ్లబడగానే, ఆమె ఆలోచించను కూడా లేదు. సీసా తీసి, ఆయన చేతులకు బుస్సు బుస్సుమని కొట్టింది. చేతిలో ఉన్న ప్లగ్గుకూ కొట్టింది, దాని లోపలికీ కొట్టింది. తర్వాత అది తగిలే పెడల్ వైపూ కొట్టింది, ఎందుకంటే అటు కూడా ఎర్రగా ఉంది. జేబురుమాలుతో శుభ్రంగా, మందుల గదిలో బల్లను తుడిచినట్టు మూలలతో సహా తుడిచింది. స్పిరిట్ అప్పటికప్పుడే ఆరిపోయింది.

"లెవ్వు సారు," అంది. "ఇగ ఏదన్న ముట్టుకోవచ్చు."

వేలాడే వైరును అలా వదిలెయ్యలేక లింగం ప్లగ్గును దాని చోట్లో గట్టిగా నొక్కాడు. ఏం లాభం అనుకుంటూనే తాళం ఒకసారి ఆపి, మళ్లీ తిప్పాడు. పసుపు లైటు వెలిగి, ఆరిపోయింది. పెడల్ మీద కాలు పెట్టాడో లేదో ఇంజన్ గర్రుమంది. లింగం ఎక్కండి ఎక్కండి అని అందర్నీ లోపలికి తోశాడు. నిమ్మచెక్క నోట్లో ఉన్న సత్తిబాబును నలుగురు కలిసి ఎక్కించారు.

ట్రాక్టర్‌ను దాటారు. ఉల్లిగడ్డల ఆటోను దాటారు, ఆటోవాడిని ఈసారి లింగం జాలిగా చూశాడు. కంపెనీ గేటు దగ్గర ప్రవీణ్‌కుమార్ మొగులయ్య నంబరు ఫోన్‌లో తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వ్యాన్ లోపలికొచ్చి, అందరూ దిగాక సైరన్ మోగింది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "గిట్లనే రావాలె లింగం, రోజూ," అని లోపలికి పోయాడు. చంద్రిక ఈసారి దిగుతూ నవ్వి పోయింది.

గేటు పక్కన నిలబడి సత్తిబాబు కేసు వివరించాడు. సాక్షులిద్దరిలో అబద్ధమాడేవాడు తన చూపు తగలగానే లొంగిపోయాడట. శత్రువు నిన్న రాత్రి లోపల ఏదో విషపదార్థం అమర్చాడట, తాను ప్రాణాలకు తెగించి దాన్ని లాగేశాడట. "ఆ విషపదార్థమేది సారు?" అని లింగం అడిగాడు. సత్తిబాబు చేతిలోకి చూసుకున్నాడు. అక్కడ రెండు నిమ్మకాయలూ, ఒక తొక్కా ఉన్నాయి.

"అది పారిపోయింది," అన్నాడు.

మధ్యాహ్నం లింగం ఒక్కడే వర్క్‌షాపుకు పోయాడు. తుడవకుండా, స్నానం చేయించకుండా. శ్రావ్య ప్లగ్గు ఊడదీసి, లైటు వెలుగులో ఆ సందుల్లోకి చూసి, సూదితో గీకి, వేలి మీద పెట్టుకుంది.

"అన్నా, దీనికి బొట్టెవరు వెట్టిండ్రు?"

చంద్రిక రుమాలు అందని మూలలో ఇంకా కాస్త ఎరుపు మిగిలింది. నిమ్మరసం వైర్ల వెంబడి దిగి, ప్లగ్గులోకి చేరి, పక్కపక్కన ఉన్న రెండు పిన్నుల మధ్య తడిగా పరుచుకుంటే, ఒక సెన్సార్ మాట ఇంకోదానిలోకి కలిసిపోతుందని శ్రావ్య చెప్పింది. ఆరితే మళ్లీ మామూలే. తుడిచి తెస్తే అసలేమీ దొరకదు. "నీళ్లు వడ్డయా అని అడిగితే లేదన్నవ్ కదన్నా."

"నీళ్లు వడలె బిడ్డా," అన్నాడు లింగం.

అప్పుడు లెక్క తెలిసొచ్చింది. బండి ఆగినందుకు అరుణమ్మ నిమ్మకాయ పెంచింది, నిమ్మకాయ పెంచినందుకు బండి ఆగింది. ఇంకొంత కాలం పోతే ఆమె బుట్టెడు కట్టేది, తను రోడ్డున పడేవాడు. బావను అనుమానించిన ఆ ఒక్క రాత్రి గుర్తొచ్చి, దారిలో టీకొట్టు దగ్గర ఆగి మొగులయ్యకు చాయ్ తాగించాడు. ఎందుకో చెప్పలేదు. మొగులయ్య అడగలేదు కూడా, రెండు బిస్కెట్లు మాత్రం అదనంగా తిన్నాడు.

ఇంటికొచ్చేసరికి అరుణమ్మ గుమ్మంలోనే ఉంది. సంగతంతా అప్పుడే తెలిసిపోయింది, ముఖం వెలిగిపోతోంది. "సూసినవా," అంది. "సారు నోట్ల వెట్టుకుంటే వెట్టుకున్నడు గని, నా నిమ్మకాయలే బండిని నడిపినయ్. ఇగ వారం వారం ఐదు కడ్త."

చెబుదామనుకున్నాడు లింగం. ప్లగ్గు, పిన్నులు, సాక్ష్యాలు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. తెల్లారకముందు లేచి, చన్నీళ్ల స్నానం చేసి, ముడి వేసిన మనిషి ముఖం చూశాడు. ఆ మాటలన్నీ మింగేశాడు. ప్రాణం పోయినా చెప్పడు, ఇంత ప్రేమను పట్టుకుని దోషి అని ఎట్లా అంటాడు?

"అరుణా," అన్నాడు, "దిష్టి తగిలింది మన బండికి గాదు. సత్తిబాబు సారుకు. గంత తెలివి ఉన్నోడికి తగలకుంట ఎట్లుంటది? ఆయన మన ఇంట్ల ఉన్నడు కాబట్టి జెర మనకూ అంటింది. కట్టేది ఏదో ఆయన తలుపుకే కట్టు."

అరుణమ్మ ఆలోచించింది. న్యాయమే అనిపించింది. పైవాటా మెట్ల వైపు జాలిగా చూసి, ఐదేం సరిపోతాయి అంది.

శనివారం పొద్దున్నే సత్తిబాబు గుమ్మానికి కుంకుమ నిండిన నిమ్మకాయల దండ వేలాడుతూ కనిపించింది. కాసేపటికి ఆయన కిందికొచ్చినప్పుడు ముఖం గంభీరంగా ఉంది. తన జీవితంలోకెల్లా భయంకరమైన కేసు తలుపు తట్టిందని, నేర సామ్రాజ్యం తనకు ఎర్రటి హెచ్చరిక పంపిందని చెప్పాడు. ఆధారాలు రెండు దొరికాయి. ముడి చూస్తే ఆడమనిషి వేసినట్టుంది. మెట్ల మీద బిస్కెట్ పొడి చూస్తే మొగులయ్యలా ఉంది. అది నిన్న మొగులయ్య వచ్చిపోయినప్పటి పొడే, లింగానికి తెలుసు.

"నువ్వేమంటావు లింగం? దూసుకెళ్లి పట్టుకోమంటావా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అరుణమ్మ చెవులు ఇటే ఉన్నాయని లింగానికి అర్థమైంది.

"రెండు సాక్ష్యాలు కలుస్తలేవు సారు," అన్నాడు. "కలవనప్పుడు జెర మెల్లగ పోవాలె."

సత్తిబాబు చాలాసేపు ఆ మాటను నములుతూ నిలబడ్డాడు. తర్వాత, తనకు అసిస్టెంటు అయ్యే అర్హత ఇన్నాళ్లకు వచ్చిందని లింగం భుజం తట్టి, ఒక్కో మెట్టూ ఆచితూచి ఎక్కుతూ పైకి పోయాడు, లింగం కొత్త చెప్పులతో.